ఊట ఆగిన కట్ట

ఇంజనీరు సాదిక్ బాషా చెప్పులు విప్పి, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, కట్ట కింది బురదలోకి దిగాడు. మట్టికట్ట అడుగు నుంచి నీళ్లు సన్నగా ఊరుతున్నాయి. దోసిలి పట్టి ఆ నీళ్లను ఎండకు ఎత్తి చూశాడు. వాటిలో ఎర్రమన్ను సుడి తిరుగుతోంది.

“నాయుడుగారూ, ఊట తేటగా ఉంటే భయం లేదు. ఇది మన్ను మోసుకొస్తా ఉండాది. అంటే కట్ట లోపల గుల్లవుతా ఉందన్నమాట” అన్నాడు.

కట్ట మీద నిలబడ్డ చెంగల్రాయ నాయుడికి డెబ్బై దాటాయి. ఆ కట్ట ఆయన సొంతం. మదనపల్లెకు పడమరగా, రెండు గుట్టల నడుమ పారే వంకకు అడ్డంగా, ఆయన తండ్రి ఎద్దుబండ్లతో మన్ను తోలించి వేయించిన కట్ట. ఆ నీళ్ల మీదే పైనున్న మామిడితోట బతుకుతోంది. అది ప్రభుత్వ చెరువు కాదు, పంచాయతీ చెరువు కాదు. ఇన్నేళ్లలో దాని సంగతి అడిగిన అధికారి లేడు. ఇప్పుడు చిన్న ఆనకట్టల భద్రతా మండలి అని ఒకటి వచ్చి, సొంత కట్టలకు కూడా తరగతులు వేస్తోంది.

“పెద్ద తుపానుకే చెక్కు చెదరలేదు బాషా ఈ కట్ట. దీనికి మూడో తరగతి వేస్తావా?” అన్నాడు నాయుడు.

“తరగతి కట్ట గట్టితనానికి కాదు సార్. అది తెగితే కింద ఎవురికి ముప్పో, దానికి.”

బాషా చెయ్యి చాపి చూపించాడు. కట్ట కింద కూతవేటు దూరంలో ఎర్రమిట్టపల్లె. నలభై గడపలు, వాటి చుట్టూ కర్రలు నాటిన టమోటా తోటలు. ఊరి ఆడవాళ్లు ఊటలో తవ్వుకున్న చెలమ దగ్గర బిందెలు నింపుకుంటూ ఇటే చూస్తున్నారు.

“కింద అడివే ఉంటే ఒకటో తరగతి. చేన్లుంటే రెండు. ఊరుంటే మూడు. మూడో తరగతి కట్టకి ఊట ఉండకూడదు. వానలు పడేలోగా ఊట ఆపించండి. లేదంటే గండి కొట్టి నీళ్లు వదిలేయాల. నేను చెప్తా ఉండేది కాదు సార్, చట్టం.”

పోతూ పోతూ తూము రాతి మీద ఎర్ర రంగుతో అంకె వేశాడు. రంగు ఆరకముందే నాయుడు తిరుపతిలో ఉన్న కూతురికి ఫోను చేశాడు.

నళిని అప్పుడు ప్రయోగశాలలో ఒక గాజుపెట్టె ముందు కూర్చుని ఉంది. పెట్టె నిండా ఇసుక, అడుగున చిన్న చిల్లు. పైన పోసిన నీళ్లు ఆ చిల్లులోంచి చుక్కలు చుక్కలుగా కారుతున్నాయి. ఒక చెంచాడు తెల్లగా మసకబారిన ద్రావణాన్ని ఇసుకలో పోసింది. తండ్రి మాట్లాడుతున్నంతసేపూ ఆ చుక్కల్నే చూస్తూ విన్నది.

“గండి కొట్టమంటా ఉండారు బిడ్డా. మా నాయన వేసిన కట్ట. నా చేత్తో నేనెట్ల కొట్టేది?”

మరునాడు ఆమె వచ్చి చూసేసరికి చుక్కలు ఆగిపోయి ఉన్నాయి. పెట్టె బోర్లించి తట్టింది. నీళ్లు జారిన దారి మేరకు ఇసుక రాయైపోయి, చెట్టు వేరులా కొమ్మలు కొమ్మలుగా ఊడి చేతిలోకి వచ్చింది. మిగతా ఇసుక పొడిపొడిగా రాలిపోయింది.

యూరియా, కాల్షియం తిని తమ చుట్టూ రాయి కట్టుకునే సూక్ష్మజీవులు నేలలో ఎప్పటి నుంచో ఉన్నాయి. నళిని ఆరేళ్లు కష్టపడి వాటికి ఒక్క గుణం నేర్పింది. కదిలే నీటిని కనిపెట్టి, దాని వెంట పోవడం. ఊట ఎటు జారితే అటు పాకి, ఆ దారిని మూసేస్తాయి. తిండి అయిపోతే చచ్చిపోతాయి. ఇన్ని నెలల్లో తిండి లేకుండా బతికినది ఒక్కటి కూడా ఆమెకు కనబడలేదు.

బయటి నేలలో వాడటానికి అనుమతి ఇంకా రాలేదు. రెండేళ్లు పట్టవచ్చన్నారు. వానలు ఆగవు. పెట్టిన తిండి అయిపోతే అదే చస్తుంది కదా అని తనకు తాను చెప్పుకుంది. ఆ ఆదివారమే రెండు క్యాన్లు కారులో పెట్టుకుని ఊరికి బయలుదేరింది.

కట్టకు పొడుగునా చిల్లుల గొట్టాలు దిగగొట్టించి, డ్రమ్ముల్లో యూరియా, కాల్షియం కలిపి, క్యాన్లలోని ద్రావణం పోసి, గొట్టాల్లోకి వదిలారు. నాయుడు లుంగీ ఎగ్గట్టి తానే డ్రమ్ము కలిపాడు. “పాలు తోడు పెట్టినట్టుందే ఇది” అని నవ్వాడు. కూతురు తన పక్కన నిలబడి పని చేయడం చూసి చాలా ఏళ్లయింది ఆయనకు.

వారం తిరక్కముందే ఊట తగ్గింది. తర్వాత ఆగిపోయింది. కట్ట అడుగున బురద ఎండి పెళ్లలు లేచింది. నాయుడు ప్రొద్దున్నే వట్టి కాళ్లతో ఆ పొడినేల మీద ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచి వచ్చేవాడు. బాషా పొడుగాటి కమ్మీ తెచ్చి కట్టలో గుచ్చాడు. జానెడు దిగి ఖంగుమంది. ఇంకోచోట గుచ్చాడు. అక్కడా ఖంగుమంది.

“నా సర్వీసులో ఇట్లాంటిది చూళ్లేదు మేడం. ఏం చేసినారు?”

“కొత్త రకం సిమెంటు లాంటిది” అంది నళిని. ఆ మాట అంటున్నప్పుడు అతని మొహంలోకి చూడలేదు.

“ఇంక ఆ అంకె చెరిపెయ్యి బాషా” అన్నాడు నాయుడు.

“కట్ట బాగుందని రాస్తా సార్. గండి కొట్టే పని లేదు. అంకె మాత్రం మారదు. ఊరు అక్కడే ఉంది గదా.”

నాయుడు విసుక్కున్నాడు గానీ, ఆ రోజు బాషాకు బంగారం లాంటి మామిడిపళ్లు గంపెడు కట్టించి పంపాడు.

నెల గడిచాక మునెప్ప వచ్చాడు. ఎర్రమిట్టపల్లెలో రెండెకరాల టమోటా రైతు. నళిని ఈడువాడే. చిన్నప్పుడు ఇద్దరూ ఈ వంకలోనే చేపలు పట్టారు. అతని చేతిలో గడ్డపార ఉంది. దాని మొన వంగిపోయి ఉంది.

“నళినమ్మా, చెలమ ఎండిపోయింది. సరే, కట్ట బాగు చేసినారు, ఊట పోయిందనుకున్యాం. బావుల్లో నీళ్లు తగ్గినాయి. అదీ సరే అనుకున్యాం. ఇప్పుడు నేల గట్టి పడతా ఉండాది. టమోటాకు కర్రలు నాటాలంటే దిగల్యా. గడ్డపార ఏస్తే ఇదో, ఇట్లయింది.”

నళిని అతని వెంట చేనికి వెళ్లింది. పైకి మామూలు ఎర్రనేలే. మడమతో తొక్కితే అరుగు మీద అడుగు వేసినట్టుంది. డ్రిప్పు పైపుల చుక్కలు పడే చోటల్లా తెల్లటి వలయాలు. మొక్కలు పచ్చగా ఉన్నాయి గానీ, ఒకటి పట్టి లాగితే వేరు సగానికి తెగి వచ్చింది. మిగతా సగం రాయిలో ఉండిపోయింది.

ఆమె లేచి మోటారు కొట్టం లోపలికి వెళ్లింది. గోడ వారగా యూరియా మూటలు. వాటి పక్కనే కాల్షియం మూటలు.

“ఇవి రెండూ కలిపి వదుల్తారా మునెప్పన్నా?”

“ఒకనాడు అది, ఒకనాడు ఇది. టమోటాకు రెండూ పడాల్సిందే గదమ్మా. కాల్షియం లేకుంటే కాయ అడుగు నల్లగా కుళ్లిపోతాది. ఊరంతా అదే చేస్తారు.”

నళిని ఆ మూటల ముందు గొంతుక్కూర్చుంది. తమది మామిడితోట. తోటలో డ్రిప్పు లేదు. కింద ఊరు వేరుసెనగ మానేసి టమోటాకు మారిందని దారిలో పోతూ వస్తూ చూసింది, అంతే. ఊట పూర్తిగా మూసుకునేలోపే కొన్ని సూక్ష్మజీవులు ఆ నీళ్లతో జారి బావుల్లో చేరి ఉంటాయి. బావిలోంచి మోటారు తోడింది. మోటారు పైపుల్లోకి తోసింది. పైపు కొసన, మొక్క మొదట్లో, వాటికి కావలసిన తిండి వేళకు వేళ పడుతూనే ఉంది.

ఆమె దాచలేదు. అక్కడే కూర్చుని అతనికి అంతా చెప్పింది. మునెప్ప గడ్డపార నేలకు ఆనించి విన్నాడు.

“పురుగంటావు. మందు కొడితే చావదా?”

“దాన్ని చంపే మందు నీ నేలలో ఇంకేదీ బతకనియ్యదు. దానికి తిండి ఆపాల. యూరియా, కాల్షియం, తడి, మూడూ ఆపాల. రెండు ఎండకాలాలు నేల బాగా ఎండిపోవాల.”

“తడి ఆపితే మేం ఏం తినేది నళినమ్మా?”

ఆమె లేచి, చేతికి అంటిన ఎరువు దులుపుకుని ఇంటి దారి పట్టింది.

ఇంటికి వచ్చి తండ్రితో చెప్పింది. ఊట ఆగినా లోతున నీళ్లు బావులకు దిగుతూనే ఉన్నాయని, చెరువు ఖాళీ చేస్తే తప్ప కింది నేల తడి ఆరదని. నాయుడు తింటున్న కంచంలో చెయ్యి కడిగేసుకున్నాడు.

“గండి పడకుండా ఉండేదానికే గదా నిన్ను పిలిచింది. నువ్వే కట్టి, నువ్వే కొట్టమంటావా? వాళ్ల చేను గట్టి పడితే ఇంత పశువులెరువు తోలిస్తా. మెత్తబడతాది.”

“నాయనా, ఇది ఎరువుతో పోయేది కాదు.”

“నాకు చెప్పొద్దు” అని లేచి వెళ్లిపోయాడు.

ఆమె తిరుపతికి వెళ్లి, ప్రయోగశాల పెద్దలకు జరిగింది చెప్పింది. మర్నాటికి ఆమె గది తలుపుకు సీలు పడింది. మిగిలిన ద్రావణమంతా ఆవిరి పాత్రలో పెట్టి చంపేశారు. కింద చేనులో ఉన్నదాన్ని ఏం చేయాలో మాత్రం వాళ్లకూ తెలియలేదు. ఒక కమిటీ వేస్తామన్నారు.

ఆషాఢంలో మునెప్ప తల్లి గంగులమ్మ జ్వరం వచ్చి చనిపోయింది. పండు ముసలి. ఎప్పుడో పోవలసిందే అనుకున్న మనిషి. ఊళ్లో ఎవరూ పెద్దగా ఏడవలేదు. వంక గట్టున, చేల మిగులు నీళ్లు దిగే పల్లంలో, వాళ్ల వాళ్లందరినీ పెట్టే చోటే, పెనిమిటి పక్కన గుంత తవ్వడానికి నలుగురు వెళ్లారు.

గడ్డపార వేస్తే ఎగిరి చేతుల్ని కొట్టింది. పక్కన వేశారు, ఇంకా పక్కన వేశారు. నిప్పురవ్వలు లేచాయి. మదనపల్లె నుంచి బండలు పగలగొట్టే యంత్రం తెప్పించారు. పొద్దు వాలేదాకా అది దడదడలాడి మోకాటి లోతు కూడా పోలేదు. పగిలిన పెళ్లల్లో పాత ఎముకలు రాయిలో పొదిగినట్టు కనబడేసరికి యంత్రం వాడు ఆపేసి దండం పెట్టి దూరంగా పోయి నిలబడ్డాడు. పాడె పొద్దుటి నుంచి గట్టు మీదే ఉంది.

మునెప్ప తలకు చుట్టుకున్న తువ్వాలు తీసి చేత పట్టుకుని కట్ట ఎక్కి నాయుడి ఇంటికి వచ్చాడు. నాయుడు, నళిని ఇద్దరూ వసారాలోనే ఉన్నారు.

“పెద్దాయనా, కట్టకు పైపక్క నీ నేల మెత్తగా ఉండాదంట. మా అమ్మకు ఇంత చోటియ్యి.”

నాయుడు లేచి నిలబడ్డాడు. గోడకు ఆనించిన పార తానే తీసుకుని మునెప్ప ముందు నడిచాడు. మామిడితోట అంచున మొదటి పార తనే వేశాడు. నేల మెత్తగా విచ్చుకుంది. గంగులమ్మను పెట్టి మన్ను పూడుస్తున్నప్పుడు ఊరివాళ్లు గుంత వైపు చూడలేదు. పిడికిళ్లతో ఆ మన్ను తీసి, నలిపి, వేళ్ల సందుల్లోంచి జారవిడుస్తూ నిలబడ్డారు.

ఊరంతా వెళ్లాక నాయుడు కూతురితో అన్నాడు: “రేపే పిలిపించు యంత్రాన్ని. గండి కొట్టిద్దాం.”

ముందు తూము ఎత్తబోయారు. తలుపు రాతికి అతుక్కుని ఒక్కటైపోయింది. ఎర్త్‌మూవర్ వచ్చి కట్ట భుజాన బకెట్టు దించింది. పై మన్ను జానెడు లేచింది. ఆ కింద ఇనప పళ్లు గీచుకుని తెల్లటి గీతలు పడ్డాయి. మధ్యాహ్నానికి రెండు పళ్లు విరిగాయి. డ్రైవరు దిగి కట్ట మీద చెయ్యి వేసి, “ఇది మట్టికట్ట అని చెప్పినారే” అన్నాడు. మందు పెట్టి పేల్చాలంటే కింద ఊరుంది. అనుమతి కోసం బాషా మండలికి పరిగెత్తాడు. నళిని మోటార్లు పెట్టించి చెరువులో నీళ్లు గుట్టకు అవతలి పక్కకి తోడించడం మొదలుపెట్టింది. కొలిచి చూస్తే దినానికి వేలెడు కూడా తగ్గడం లేదు.

అనుమతి ఇంకా రాకముందే వాన వచ్చింది.

అది పెద్ద వానేం కాదు. అంతకంటే పెద్ద వానలు ఆ ఊరు చాలా చూసింది. అప్పుడు చేలు తాగేవి, బావులు తాగేవి, వంక మిగతాది తీసుకుపోయేది. ఇప్పుడు నేల ఒక్క చుక్క తాగలేదు. మిద్దె మీద పడ్డ వానలా ప్రతి చుక్కా జారింది. చేన్లన్నీ ఒక్కసారిగా పారాయి. పైనుంచి చెరువు నిండి, మిగులు నీళ్లు పోయే మరవ దుమికింది. పట్టపగలు, చూస్తూ చూస్తూ ఉండగా ఎర్రమిట్టపల్లె వీధుల్లో నడుములోతు నీళ్లు నిలిచాయి. మట్టిగోడలు ఒకదాని వెనక ఒకటి కూర్చున్నాయి.

నళిని, నాయుడు కట్ట మీద నిలబడి మోకులు వదిలారు. పిల్లల్ని భుజాల మీద పెట్టుకుని, మేకల్ని ఈడ్చుకుంటూ ఊరంతా కట్ట ఎక్కింది. చుట్టుపక్కల నిలబడటానికి అదొక్కటే చోటు. ఒకపక్క నిండు చెరువు, ఇంకోపక్క మునిగిన ఊరు, నడుమ రాయైపోయిన కట్ట మీద బారుగా మనుషులు. అది అంగుళం కదల్లేదు. ఒక్క చుక్క కారలేదు. కొట్టంలో ఆవు కట్టు విప్పడానికి వెనక్కి పోయిన ఊరి రైతు ఎంగటప్ప మాత్రం పైకి రాలేదు. నీళ్లు తీశాక అతను తన టమోటా చేనిలోనే దొరికాడు. అతని ఒంటికి బురద కూడా అంటలేదు. అంటడానికి అక్కడ మన్ను లేదు.

తర్వాత ఊరు ఖాళీ అయింది. కొందరు మదనపల్లె షెడ్లకు, కొందరు చుట్టాల ఊళ్లకు. గోడలు లేపుకుందామంటే పునాది తవ్వే దారి లేదు. మునెప్ప చివరగా వెళ్లాడు. వెళ్లేముందు తల్లిని పెట్టిన చోటికి వచ్చి కాసేపు కూర్చున్నాడు. నళిని దగ్గరికి పోతే తల తిప్పుకున్నాడు.

కార్తీకంలో బాషా వచ్చాడు. చేతిలో రంగు డబ్బా. చాలాసేపు తూము దగ్గరే నిలబడి ఉన్నాడు గానీ డబ్బా మూత తియ్యలేదు. నాయుడే అడిగాడు.

“ఏం బాషా, పేల్చేదానికి అనుమతి వచ్చిందా?”

“లేదు సార్. ఇంక అవసరం లేదన్నారు.” అతను చెరువు వైపు చూస్తూ చెప్పాడు. “కింద మనుషులు లేరు. చేన్లు లేవు. నిబంధన ప్రకారం ఇది ఒకటో తరగతి. ముప్పు లేని కట్ట. అంకె మార్చి రమ్మన్నారు.”

“అంటే ఇప్పుడు ఇది తెగినా ఎవురికీ నష్టం లేదంటావు.”

“అదే సార్.”

నాయుడు రంగు డబ్బా అతని చేతిలోంచి తీసుకున్నాడు. కట్ట అంచుకు నడిచి దాన్ని చెరువులోకి విసిరేశాడు. “పో. పోయి వేసినానని చెప్పుకో” అన్నాడు. బాషా తలవంచుకుని వెళ్లిపోయాడు.

ఉద్యోగం పోయాక నళినికి ఒకే పని మిగిలింది. కొన్నాళ్లకొకసారి ఇనప ఊచ పట్టుకుని వంక వెంట కిందికి నడవడం, ఎక్కడ నేల మెత్తబడుతుందో గుచ్చి చూడడం. వెళ్లిన ప్రతిసారీ మెత్తనేల ఇంకాస్త దూరం పోయేది. వరద ఆ సూక్ష్మజీవుల్ని వంకలోకి తోసింది. వంక కింది ఊళ్లకు మోసింది. ఒకరోజు ఆమె గుచ్చుతూ ఉంటే వెనక అడుగుల చప్పుడైంది. మునెప్ప.

“దీని కొస ఎందాక వచ్చింది?”

“గుర్రాలకుంట పొలిమేర దాకా.”

అతని మొహంలో రంగు మారింది. “మా చెల్లెల్ని ఇచ్చింది ఆ ఊరే.” ముందుకు నడుస్తూ, “నువ్వు చెప్తే వినరు. పద” అన్నాడు.

చెల్లెలి మొగుడు ఓబులేసు చేనులోనే ఉన్నాడు. ఎకరా టమోటా, పసుప్పచ్చ పూతతో కళకళలాడుతోంది. నళిని ఊచ గుచ్చింది. మెత్తగా, పిడి దాకా దిగింది. ఆమె ఊపిరి పీల్చుకుంది. ఇక్కడికి ఇంకా రాలేదు, లేదా వచ్చి తిండి కోసం చూస్తోంది.

మునెప్ప అంతా చెప్పాడు. తన చేను సంగతి, ఊరి సంగతి, తల్లికి ఆరడుగుల నేల అడుక్కున్న సంగతి. ఓబులేసు కళ్లనీళ్లు పెట్టుకుని విన్నాడు. నమ్మాడు కూడా. “ఆపేస్తా బావా. నువ్వు చెప్పినాక ఆపకుండా ఉంటానా” అన్నాడు. అంటూనే లేచి, యూరియా కలిపి ఉంచిన డ్రమ్ము పైపు తగిలించి, మోటారు కొట్టం వైపు నడిచాడు.

“ఏం చేస్తా ఉండావు?”

“కలిపింది కలిపినా గదా. ఈ ఒక్క తడి ఇచ్చి ఆపేస్తా.”

మునెప్ప ఫ్యూజు పీకడానికి పరిగెత్తాడు. కొట్టం గుమ్మంలో చెల్లెలు రెండు చేతులూ చాపి అడ్డం నిలబడింది.

“పూత మీద ఉండాదన్నా. ఇప్పుడాపితే అంతా రాలిపోతాది. నీ కాళ్లు పట్టుకుంటా. ఈ ఒక్క తడే.”

అతను చెల్లెలి చేతులు పట్టుకున్నాడు గానీ వాటిని పక్కకు తోయలేకపోయాడు. లోపల మోటారు మూలిగి తిరిగింది. నల్లపైపులు బిగుసుకుని బుసకొట్టాయి. చేను నడుమ నిలబడ్డ నళిని చుట్టూ, సాలు వెంట సాలు, నేల తడిసి నల్లబడుతూ వచ్చింది.